టెన్నిస్ ఆడే అమ్మాయికి ఆన్‌లైన్ హైస్కూలు: తమ్ముడికి లేఖ

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య ఆశీస్సులు.

పాపను వచ్చే ఆగస్టు నుంచి ఇంటి దగ్గరే ఉంచి తొమ్మిదో తరగతి ఆన్‌లైన్‌లో చదివించాలని, అలా చేస్తే ఉదయం ప్రాక్టీసుకు సమయం దొరుకుతుందని, టోర్నమెంటు ఉన్న ప్రతిసారీ శుక్రవారం బడి మానిపించే ఇబ్బంది తప్పుతుందని నువ్వు చెప్పిన కారణాలు నాకు సబబుగానే ఉన్నాయి. మీరుండే టెక్సస్‌లో చట్టం కూడా అడ్డు రాదు. ఇంటి చదువును ప్రైవేటు బడి చదువుగానే చూడాలని అక్కడి సుప్రీం కోర్టు 1994లోనే తేల్చింది. నా దిగులంతా నువ్వు పంపిన మూడు ప్రోగ్రాముల పట్టిక మీదే. అందులో ఫీజు, రోజుకు ఎన్ని గంటలు, పాఠాలు ఎప్పుడు వినవచ్చు అన్నవి శ్రద్ధగా రాశావు. పాప కాలేజీ జట్టులో ఆడాలంటే ఆ చదువును ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల పోటీలను నడిపే సంఘం) ఒప్పుకోవాలన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. హైస్కూల్లో కౌన్సెలర్‌గా పనిచేసినదాన్ని కనుక, మొదట చూడవలసింది అదేనని గట్టిగా చెబుతున్నాను.

కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూలు నాలుగేళ్లలో 16 కోర్ కోర్సులు, అంటే ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ముఖ్య సబ్జెక్టులు, పూర్తి కావాలి. ఇంగ్లీషు నాలుగేళ్లు, ఆల్జీబ్రా 1 నుంచి పై లెక్కలు మూడేళ్లు, సైన్సు రెండేళ్లు, సోషల్ రెండేళ్లు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సుల్లో ఏదో ఒకటి ఇంకొక ఏడాది, మిగతా నాలుగూ వీటిలోంచి గానీ విదేశీ భాష వంటి వాటిలోంచి గానీ చదవాలి. ఆ కోర్సుల్లో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కనీసం 2.3 ఉండాలి. పాపకు జీపీఏ సమస్య కాదు, వేళ సమస్య. పన్నెండో తరగతి మొదలయ్యేలోగా పది కోర్సులు అయిపోవాలి, అందులో ఏడు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సుల్లోనివే కావాలి. టోర్నమెంట్ల సీజనులో పాఠాలు వాయిదా వేసుకుంటూ పోయి చివరి ఏడాదిలో ఒక్కసారిగా ముగిద్దామనుకునే పిల్లలు చిక్కుల్లో పడేది ఇక్కడే.

మరొక తేడాను నువ్వు జాగ్రత్తగా గమనించాలి. మీ ఆవిడో నువ్వో స్వయంగా పాఠం చెప్పి, గ్రేడు వేసి, ట్రాన్‌స్క్రిప్టు (చదివిన కోర్సులు, గ్రేడ్లు చూపే పత్రం) తయారుచేస్తే అది ఎన్‌సీఏఏ దృష్టిలో హోమ్‌స్కూలు. అప్పుడు ప్రతి కోర్ కోర్సుకూ ఏ పుస్తకం, ఏ పాఠాలు, ఎలా పరీక్షించారు అన్నది వివరించే పత్రాలు మీరే నింపి పంపాలి. వేరే సంస్థ పాఠం చెప్పి గ్రేడు వేస్తే, పాప ఇంట్లో కూర్చుని చదివినా సరే, అది ఆ సంస్థ చదువే అవుతుంది. ఆ సంస్థకూ, అందులోని ఒక్కొక్క కోర్సుకూ ఎన్‌సీఏఏ ఆమోదం ఉండాలి. కాగ్నియా వంటి సంస్థల గుర్తింపు ఉందని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ గుర్తింపు మంచిదే గానీ ఈ ఆమోదానికి బదులు కాదు.

ఆన్‌లైన్ కోర్సు విషయంలో ఎన్‌సీఏఏ ముఖ్యంగా అడిగేవి కొన్నే: కోర్సు మొదలైన నాటి నుంచి ముగిసేదాకా టీచరుకూ విద్యార్థికీ మధ్య పాఠం చెప్పడం, దిద్దడం, సందేహం తీర్చడం క్రమంగా జరగాలి, పూర్తి చేయడానికి నిర్ణీత వ్యవధి ఉండాలి, పాఠాలు దాటవేయకుండా మొత్తం చదవాలి. నాకు తెలిసిన ఒక అబ్బాయి వేసవిలో మూడు వారాల్లో కెమిస్ట్రీ ముగించాడు. ప్రశ్నలకు జవాబులు కంప్యూటరే దిద్దింది, టీచరు పేరు తెరమీద ఉందే గానీ ఆ పేరుతో ఒక్క ఉత్తరం రాలేదు. ట్రాన్‌స్క్రిప్టులో ఏ గ్రేడు వచ్చినా ఆ కోర్సు లెక్కకు రాలేదు. 'మీకు వీలైనప్పుడు చదువుకోండి' అన్న మాటే మనల్ని ఆకర్షిస్తుంది, అనుమానంగా చూడవలసిందీ ఆ మాటనే. మొదటి నెల నుంచే టీచరుతో నడిచిన ఈమెయిళ్లు, దిద్ది ఇచ్చిన వ్యాసాలు, ల్యాబ్ రిపోర్టులు ఒక ఫోల్డరులో దాచిపెట్టు.

అందువల్ల డబ్బు కట్టకముందే ఎన్‌సీఏఏ వెబ్‌సైటులో హైస్కూలు పోర్టల్ తెరిచి, ఆ సంస్థ ఆరంకెల కోడ్ కొట్టి, ఆమోదించిన కోర్సుల జాబితా చూడు. పాప తీసుకోబోయే కోర్సు పేరు అక్షరం పొల్లుపోకుండా ఆ జాబితాలో ఉందో లేదో సరిచూడు. ఒకే సంస్థ చెప్పే వాటిలో మామూలు ఇంగ్లీషు ఆ జాబితాలో ఉండి, తప్పినవాళ్లు తిరిగి చదివే ఇంగ్లీషు కోర్సు అందులో లేకపోవచ్చు. తరువాత సంస్థకు ఫోన్ చేసి, ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు, ప్రత్యక్ష తరగతులు వారానికి ఎన్ని, టోర్నమెంటుకు వేరే ఊరు వెళ్తే తరగతి రికార్డింగు ఇస్తారా అని అడుగు.

మన తెలుగు ఇళ్లలో పిల్లల్ని లెక్కల్లో ఒక తరగతి ముందుకు నడిపించడం మామూలే. పాప ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 చదివింది కదా. అది కోర్ కోర్సుగా లెక్కకు రావాలంటే హైస్కూలు ట్రాన్‌స్క్రిప్టు మీద గ్రేడుతో, క్రెడిటుతో కనిపించాలి. బడి మాన్పించేలోగా ఆ కాగితం తీసుకో.

ఎన్‌సీఏఏ 2023 నుంచి శాట్ స్కోరు అడగడం లేదు గానీ, ఎంఐటీ వంటి కాలేజీలు తమ ప్రవేశాలకు అడుగుతూనే ఉన్నాయి. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మే నెలలో జరుగుతాయి, కానీ ఆన్‌లైన్ పిల్లలకు పరీక్ష రాసే చోటు చూపేవాళ్లు ఉండరు. దగ్గరి బడిని ముందు శరదృతువులోనే అడిగి పేరు రాయించుకోవాలి. టెన్నిస్‌లో డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిసిన జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడతారు. వాళ్లు టెన్నిస్ ఆటగాళ్ల స్థాయిని చూపే యూటీఆర్ రేటింగుతో పాటు ట్రాన్‌స్క్రిప్టు కూడా అడుగుతారు, కాబట్టి అప్పటికి రెండేళ్ల గ్రేడ్లు ఆమోదం ఉన్న కోర్సులవి అయి ఉండాలి.

ఈ వారాంతంలో ఆ మూడు సంస్థల జాబితాలూ పోర్టల్‌లో చూసి నాకు పంపు. పాప తొమ్మిదో తరగతి కోర్సులను వాటితో సరిపోల్చి, ఏది వదిలేయాలో నేను రాస్తాను. మరదలికి నా ఆశీస్సులు, పాపకు ముద్దులు.

ఇట్లు,
నీ అక్కయ్య