మళ్ళీ చూస్తే వేరే సినిమా

ప్రశ్న: 1996లో చదువుకోడానికి అమెరికా వచ్చిన కొత్తలో ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ చూసి వెక్కివెక్కి ఏడ్చాను. మొన్న మా అబ్బాయితో చూస్తే, “నాన్నా, పాత ఆటగాళ్ళలో నల్లజాతివాళ్ళేరీ?” అన్నాడు. అప్పుడు నేను చూసింది తప్పా?
- ఒక తండ్రి, డల్లస్

జవాబు: తప్పేం కాదండీ. 1989 నాటి ఆ సినిమాలో అయోవా రైతు మొక్కజొన్న చేను కొట్టేసి బేస్‌బాల్ మైదానం చేస్తాడు, చనిపోయిన ఆటగాళ్ళు వచ్చి ఆడతారు. చివర్లో తండ్రితో బంతి విసురుకునే చోట నాకూ కళ్ళు చెమరుస్తాయి. మా నాన్న నాతో ఒక్కరోజూ క్యారమ్స్ ఆడలేదు మరి!

కానీ మీవాడి ప్రశ్న గట్టిది. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు వచ్చేదాకా దశాబ్దాలపాటు మేజర్ లీగుల్లో, అంటే అమెరికాలో బేస్‌బాల్ అత్యున్నత స్థాయి పోటీల్లో, నల్లజాతివాళ్ళకి చోటు లేదు. అయినా సినిమాలో ఆ పాత ఆటని పొగుడుతూ ప్రసంగం చేసేది నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్! అప్పట్లో ఆ గొంతుకే మైమరిచిపోయాను. ఇప్పుడు అదే చోట ముల్లు గుచ్చుకుంటోంది.

ఈమధ్య చూసినప్పుడు నా చూపంతా రైతు భార్య యానీ మీదే. పొలం పోతుందన్న టెన్షన్ ఆమెది కూడా కదా.

ఈసారి మీవాడి పక్కన కూర్చుని, ఆ ప్రసంగం దగ్గర ఆపి వాడేమంటాడో వినండి.