బెంగళూరులో మా పెరట్లో బొరియ సాలీడు కనిపించింది, మందు కొట్టించాలా?

కొట్టించకండి. ఒక్కసారి దాని తలుపు చూశారంటే మీకే చేతులు రావు.

బన్నేరుఘట్ట రోడ్డు వైపు మేం అద్దెకున్న ఇంటి వెనక ఎర్రమట్టి గట్టు ఉండేది. కదిరి నుంచి వచ్చిన అమ్మ అక్కడ కలుపు పీకుతూ "ఒరేయ్, నేల రెప్ప కొట్టిందిరా!" అని కేకేసింది. వెళ్లి చూస్తే రూపాయి బిళ్లంత మట్టి మూత. గట్టు మీది నాచే దాని మీదా ఉంది. చీపురుపుల్లతో అంచు లేపబోయాను. లోపలి నుంచి గట్టిగా లాగి పట్టుకుంది! ట్రాప్‌డోర్ సాలీడు. కోరలు మూతలో దింపి, కాళ్లు గోడకు తన్నిపెట్టి బిగిస్తుంది. మట్టినీ తన దారాన్నీ కలిపి అది చేసుకున్న మూతే. మూత తిరిగే మడతబందు కూడా దారమే.

ఆ రాత్రి కరెంటు పోయింది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి కూర్చున్నాను. మూత సందులోంచి ముందుకాళ్ల కొసలు కనిపించాయి. ఒక పురుగు అటుగా పాకింది. టప్! పురుగు లేదు, తలుపు మూసే ఉంది.

విషం ఉంటుంది, కానీ అది పురుగుల కోసం. మనిషి అలికిడికి తలుపేసుకునే ప్రాణి, వేలు పెట్టి కెలికితే తప్ప కరవదు. వానల్లో బయట తిరిగేది ఎక్కువగా మగదే, ఆడదాన్ని వెతుక్కుంటూ. ఆ తర్వాత అది ఎన్నాళ్లో బతకదు. ఆడది మాత్రం గడప దాటదు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974 నుంచి ఇలాంటి బొరియలకు నంబర్లు పెట్టి గమనించారు. 16వ నంబరు సాలీడు 43 ఏళ్లు బతికింది, ఆ ఒక్క బొరియలోనే. 2016లో చూస్తే మూతకు కన్నం. కందిరీగ పని.

43 ఏళ్లు ఒకే ఇల్లు! నేను ఈ ఊళ్లో తొమ్మిదేళ్లలో ఆరు మారాను. 11 నెలల అగ్రిమెంటు, పది నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో కోత. ఈ ఓనరు ఇంకో మెట్టు పైన. మేం వెళ్లే ముందు వారం, పాములొస్తాయని గట్టంతా సిమెంటు చేయించాడు. ఆ ఒక్క మూల వదిలేయమని మేస్త్రీని బతిమాలాను. "ఓనరు ఊరుకోడు సార్" అన్నాడు.

అడ్వాన్సు లెక్కలో ఆ సిమెంటుకీ మూడు వేలు మా ఖాతాలోనే రాశాడు.