రెక్కలు సరే, పాత ఓనర్ సంగతేంటి?

వానలు మొదలయ్యాక నా ఇన్‌బాక్స్‌లో ఫోన్లు, లాప్‌టాప్‌లు వెనక్కి పోయి స్పోర్ట్స్ బైకులు ముందుకొచ్చాయి. డాష్‌బోర్డు మీద పసుపు లైటొకటి వెలిగితే చాలు, మెకానిక్ కంటే ముందు నాకు మెయిల్ వస్తోంది. ఈసారికి అన్నీ బండ్ల ప్రశ్నలే.

విజయవాడ నుంచి: కొత్త బండి. తాళం తిప్పగానే ఏబీఎస్ లైట్ వెలుగుతోంది. డిఫెక్టా?

కాదు. గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేదే ఏబీఎస్. చక్రాలు తిరిగితే తప్ప సెన్సర్లు బాగున్నాయో లేదో ఏబీఎస్ యూనిట్‌కి తెలిసే దారి లేదు. బండి కదిలి కాస్త వేగం అందుకోగానే ఆ లైట్ ఆరిపోవాలి. ఆరకపోతే అప్పుడు టెన్షన్ పడదాం. నెలకి ఐదారుసార్లు వచ్చే ప్రశ్న ఇది. బండితో పాటు మాన్యువల్ అని ఒక పుస్తకం ఇస్తారు, దాని ప్లాస్టిక్ కవరైనా చింపండి.

వరంగల్ నుంచి: వానలో మట్టిరోడ్డు మీద ఊరికెళ్లొచ్చాను. అప్పట్నుంచి ఏబీఎస్ లైట్ ఆరడం లేదు. సర్వీస్ సెంటర్‌లో యూనిట్ మొత్తం మార్చాలంటున్నారు.

ఆగండి. పోయినేడాది మా అక్క కొడుకు బండికి ఇదే జరిగింది, వాడికీ ఇదే మాట చెప్పారు. ఆదివారం పొద్దున ఇద్దరం ముందు చక్రం పక్కన చతికిలబడి చూశాం. బ్రేక్ డిస్క్ పక్కనే చిల్లులున్న పల్చటి రింగు ఒకటి ఉంటుంది. దాని ఎదురుగా, మిల్లీమీటరు అటూ ఇటూ ఎడంలో, చిటికెనవేలి కొనంత సెన్సర్. రింగు తిరుగుతుంటే చిల్లు, ఇనుము, చిల్లు, ఇనుము అని లెక్కపెట్టుకుంటూ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడమే దాని పని. మావాడి బండిలో ఆ సెన్సర్ మొహానికి బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, ఎర్రమట్టి కలిసి ముద్దలా అంటుకుంది. పాత టూత్‌బ్రష్, మగ్గుడు నీళ్లు, పావుగంట. మావాడు బండి తీసుకుని వీధి చివరిదాకా వెళ్లేసరికి లైట్ ఆరింది.

మీదీ మట్టే అని నేను హామీ ఇవ్వను. వైరు నలిగి ఉండొచ్చు, రింగు వంగి ఉండొచ్చు. కానీ యూనిట్‌కి డబ్బు కట్టేముందు స్కానర్‌లో ఏ ఎర్రర్ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసివ్వమనండి. కోడ్ చక్రం సెన్సర్ అంటుంటే, మార్చాల్సింది యూనిట్‌ని కాదు, మెకానిక్‌ని. అన్నట్టు, లైట్ వెలుగుతున్నా మామూలు బ్రేకులు పడతాయి. చక్రం బిగుసుకుపోకుండా చూసే దిక్కు మాత్రం ఉండదు. తడి రోడ్డు మీద ఆ సంగతి గుర్తుంచుకుని నడపండి.

హైదరాబాద్ నుంచి: 200 సీసీ బండిలో రెక్కలున్న వేరియంట్‌కి ఎక్కువ అడుగుతున్నారు. స్టెబిలిటీ పెరుగుతుందంటున్నాడు సేల్స్‌మన్. నిజమేనా?

అందంగా ఉంటుందని అంటే నాకు ఏ గొడవా లేదు. నాకూ ఆ రెక్కలంటే ఇష్టమే. స్టెబిలిటీ అంటేనే ఒళ్లు మండుతుంది. రెక్క మీద గాలి వేసి బండిని నేలకి అదిమే ఒత్తిడి వేగంతో పాటు వర్గంలో పెరుగుతుంది, అలాగే పడిపోతుంది. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతే. రెక్కలతో వచ్చే ఒక పెద్ద సూపర్‌బైక్‌కి కంపెనీ చెప్పుకునే లెక్క గంటకు 270 కిలోమీటర్ల దగ్గర 30 కిలోలు. అదే రెక్కలు 60 దగ్గర ఇచ్చేది కిలోన్నర. అంటే అరలీటరు నీళ్ల సీసాలు మూడు. మీ బండివి అందులో సగం సైజైనా ఉండవు. మోటోజీపీ బైక్ రేసుల్లో వీటి మీద అంత రగడ జరిగి, బయటికి పొడుచుకొచ్చిన రెక్కల్ని 2017లో నిషేధించారు. అక్కడి వేగాల్లో వాటితో తేడా ఉంటుంది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద మీకా తేడా తెలియదు.

అదే బ్రోచర్ ఆఖరి పేజీ చూడండి. చిన్న అక్షరాల్లో 'సింగిల్ చానెల్ ఏబీఎస్' అని ఉందా? 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అయితే ముందు చక్రానికి ఒక్కదానికే పెట్టినా చెల్లిపోయింది. రెక్కలకిచ్చే డబ్బు డ్యూయల్ చానెల్‌కి, అంటే రెండు చక్రాలకీ ఉండే ఏబీఎస్‌కి ఇవ్వండి. 'కార్నరింగ్ ఏబీఎస్' అని రాసుంటే మాత్రం లోపల ఐఎంయూ ఉందా అని అడగండి. బండి ఎంత వాలిందో కొలిచేది అదే. అది లేని ఏబీఎస్‌కి, మీరు మలుపులో మోకాలు నేలకి ఆనిస్తున్నా బండి నిటారుగా ఉన్నట్టే లెక్క.

కర్నూలు నుంచి: వెనక 140/70 తీసేసి లావుగా కనిపించాలని 150/60 వేయించాను. ట్రాక్షన్ కంట్రోల్ లైట్ ఊరికే మిణుకుమంటోంది.

మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో. అంటే టైరు లావైంది కానీ ఎత్తు తగ్గింది. 17 అంగుళాల రిమ్ము మీద లెక్కేస్తే వ్యాసం 16 మిల్లీమీటర్లు పోయింది, అంటే రెండున్నర శాతం. వెనక చక్రం జారితే పవర్ తగ్గించేదే ట్రాక్షన్ కంట్రోల్. ముందు చక్రంతో పోల్చినప్పుడు వెనక చక్రం ఎప్పుడూ కాస్త జారుతున్నట్టే కంప్యూటర్‌కి కనిపిస్తుంది. కొన్ని బండ్లు సర్దుకుంటాయి, కొన్ని తొందరపడి పవర్ కట్ చేస్తాయి. పాత సైజుకి వెళ్లండి.

గుంటూరు నుంచి: ఏడాది వాడిన కనెక్టెడ్ బైక్ కొన్నాను. యాప్‌లో రిజిస్టర్ చేయబోతే ఈ వాహనం వేరే ఖాతాలో ఉంది అంటోంది. యాప్ లేకపోయినా బండి నడుస్తోంది కదా, వదిలేయనా?

వదిలేయకండి. ఈ వారం నన్ను నిజంగా భయపెట్టిన ఉత్తరం ఇదొక్కటే. లైవ్ లొకేషన్ ఇచ్చే బండి అంటే లోపల కంపెనీ పెట్టి పంపిన ఈ-సిమ్ ఉన్నట్టు. మీ ఫోన్‌తో దానికి పనిలేదు. పాత ఓనర్ తన యాప్ తెరిస్తే బండి ఇప్పుడెక్కడుందో, రాత్రి ఏ సందులో పెడుతున్నారో, పొద్దున ఎన్నింటికి తీస్తున్నారో మ్యాప్ మీద కనిపిస్తుంది. కొన్ని ఎలక్ట్రిక్ బండ్లనైతే దూరం నుంచే లాక్ కూడా చేయొచ్చు. ఇంకో మాట. రెండో తాళంచెవి ఇచ్చాడా, లేక 'పోయింది బ్రో' అన్నాడా? బండి ఎక్కడుందో చెప్పే యాప్, దాన్ని తీసే తాళంచెవి ఒకే జేబులో ఉన్నాయన్నమాట. ఆ మనిషి మంచివాడే అనుకుందాం. అతని ఫోన్ పోయి ఇంకొకడి చేతిలో పడితే?

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుంటాం, పెండింగ్ చలాన్లు వెతుకుతాం, ఇన్సూరెన్స్ పేరు మార్పించుకుంటాం. యాప్‌లోంచి బండి తీశావా అని అడిగేవాళ్లు మాత్రం లేరు. ఇప్పుడు ఫోన్ చేసి అడగండి. 'యాప్ ఎప్పుడో డిలీట్ చేశా' అంటాడు. ఒప్పుకోకండి. యాప్ తీస్తే ఐకాన్ పోతుంది, ఖాతా పోదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయించి, వాహనాన్ని ఖాతాలోంచి తీసేయించి, మీ ఫోన్‌లో రిజిస్టర్ అయ్యేదాకా లైన్లోనే ఉండండి. అతను దొరక్కపోతే మీ పేరు మీదికి మారిన ఆర్సీ జతచేసి కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. బండి స్క్రీన్‌లో పాత బ్లూటూత్ పేర్లన్నీ తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. తాళం సెట్టు కూడా మార్పించండి.

మీ ఖాతా వచ్చాక ఆ యాప్ నోటిఫికేషన్లు చదవడానికి అనుమతి అడుగుతుంది, మెసేజ్ వస్తే స్క్రీన్ మీద చూపిస్తానని. ఇవ్వకండి. ఆ అనుమతిలో బ్యాంకు మెసేజ్‌లు కూడా వస్తాయి. కొత్త ఆండ్రాయిడ్‌లో ఓటీపీలని దాచే ఏర్పాటుంది, పాత ఫోన్లలో లేదు. బండి నడుపుతూ వాట్సాప్ చదవాల్సిన అవసరం ఎవరికుందో నాకు అర్థం కాదు.

స్క్రీన్‌లో ఆన్ చేయగానే గర్జించే యానిమేషన్‌కి, నాలుగు రంగుల థీములకి చోటు దొరికింది. 'ఈ బండి లొకేషన్ ఫలానా నంబరుకి వెళ్తోంది' అని ఆఖరి నాలుగంకెలు చూపించే ఒక్క లైనుకి దొరకలేదు. కొత్త ఓనర్ బటన్ పెడితే దొంగ కూడా నొక్కుతాడని కంపెనీలు అంటాయి. అది నిజమే. నేనడిగేది బటన్ కాదు, ఆ లైను.

బెంగళూరు నుంచి: ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేస్తే, మళ్లీ స్టార్ట్ చేయగానే ఆన్ అయిపోతోంది. పర్మనెంట్‌గా ఆఫ్ చేసే సెట్టింగ్ ఎక్కడుంది?

లేదు. కావాలనే అలా పెట్టారు, ఈ ఒక్క విషయంలో డిజైనర్లకి దండం పెడతాను. ఏబీఎస్‌ని ఆపేయడానికి దాని ఫ్యూజ్ ఎక్కడుంటుందో చెప్పమని ఇంకో ముగ్గురు రాశారు. వాళ్లకి జవాబు ఇవ్వడం లేదు.