బ్యాటరీ మార్చేముందు మీటర్‌లో ఉన్నది బయటికి తీసి పెట్టుకోండి

ప్రశ్న: సార్, మా ల్యాబ్‌లో పాత హెచ్‌పీ 3478ఏ మల్టీమీటర్ ఒకటి ఉంది, రీడింగ్స్ ఇప్పటికీ బాగానే చూపిస్తోంది. మూత తీసి చూస్తే బోర్డు మీద లిథియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంది, ఎప్పటిదో తెలీదు, కొలిస్తే 2.9 వోల్టులు వచ్చింది. తీసేసి కొత్తది వేసేద్దాం అంటున్నాడు మా జూనియర్. వెయ్యొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండీ, ముందు మూత పెట్టేయండి. ఆ మీటర్ కాలిబ్రేషన్, అంటే రీడింగ్ కచ్చితంగా రావడానికి అది వాడుకునే సవరణ అంకెలు, అంతా చిన్న ర్యామ్‌లో (కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో) ఉంటుంది, మెయిన్స్ ఆపేశాక దాన్ని బతికించేది ఆ బ్యాటరీ ఒక్కటే. అది ఊడదీసిన క్షణంలో మొత్తం పోతుంది, మళ్లీ తెప్పించుకోవాలంటే ప్రతి రేంజికీ స్టాండర్డ్స్ (విలువ కచ్చితంగా తెలిసిన ప్రమాణాలు) పెట్టి మొదట్నుంచి చెయ్యాల్సిందే. 2.9 ఉంది కదా అని ధీమా కూడా వద్దు, లిథియం సెల్ చివరిదాకా వోల్టేజీ దాదాపు అలాగే పట్టుకుని ఉండి అయిపోయేటప్పుడు ఒక్కసారిగా జారిపోతుంది, కాబట్టి ఆ అంకె చూసి ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పలేం.

అందుకే ముందు డేటా బయటికి తీయండి. వెనకాల కంప్యూటర్‌కి కలిపే జీపీఐబీ పోర్టు ఉంటుంది, అడాప్టర్ తగిలించి ఆ మెమరీలో ఒక్కో అడ్రస్ చదివితే మొత్తం 256 అంకెలు వస్తాయి అంతే, కాగితం మీద ప్రింట్ తీసినా అర పేజీ పట్టదు. ఒక్కో రేంజి డేటాతో పాటు దాని చెక్‌సమ్ (ఆ అంకెల్లో తప్పుంటే పట్టించే లెక్క) కూడా ఉంటుంది కాబట్టి చదివింది సరిగ్గా ఉందో లేదో తేలిపోతుంది. అయినా రెండుసార్లు చదివి పోల్చి చూసుకోండి, ఫైల్ పేరులో మీటర్ సీరియల్ నంబర్ పెట్టి రెండు మూడు చోట్ల దాచండి. మీటర్ ముందువైపు ప్యానెల్ మీద కాల్ ఎనేబుల్ స్క్రూ (కాలిబ్రేషన్ మార్చడానికి తాళం తీసేది) ఉంటుంది, చదవడానికి దాన్ని తిప్పక్కర్లేదు, దాని జోలికే వెళ్లొద్దు.

ఆ తర్వాతే బ్యాటరీ. మెయిన్స్ వైర్ పీకేసి, పాత బ్యాటరీ ఉండగానే దాని రెండు చివర్లకి ఇంకో 3 వోల్టుల సప్లై, రెండు ఏఏ సెల్స్ అయినా చాలు, ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) ద్వారా ప్యారలల్‌గా తగిలించండి. ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకోండి. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాక దాని ప్లగ్ పీకేసి అప్పుడు తాకించండి, ఎర్త్ అయిన టిప్ తగిలి ఎక్కడైనా షార్ట్ అయితే ఇంత కష్టమూ వృథా. కొత్తది వేశాక మళ్లీ 256 చదివి పాత ఫైల్‌తో పోల్చండి, ఒకటే అయితే మీ మీటర్ నిన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఒకవేళ పోయినా ఆ ఫైల్ తిరిగి రాయొచ్చు, అప్పుడు మాత్రమే ఆ స్క్రూ తిప్పాలి, రాయగానే వెనక్కి తిప్పేయాలి. ఒకటి గుర్తుంచుకోండి, బ్యాకప్ ఉన్నంతమాత్రాన కాలిబ్రేషన్ చేయించినట్టు కాదు, గడువు వస్తే చేయించాల్సిందే.

ప్రశ్న: మా ఇంకో హెచ్‌పీ మీటర్, 34401ఏ మీద అందరూ బటన్లు నొక్కుతుంటారు, కాలిబ్రేషన్ ఎవరైనా మార్చేస్తే తెలుస్తుందా అండీ?

జవాబు: తెలుస్తుంది. అందులో సెక్యూరిటీ కోడ్ ఉంటుంది, లాక్ ఉన్నంతసేపు పొరపాటున నొక్కితే ఏమీ మారదు. కాకపోతే ఫ్యాక్టరీ కోడ్ హెచ్‌పీ034401 అని మాన్యువల్లోనే ఉంది, చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. మార్చండి, మార్చింది కవర్లో పెట్టి ల్యాబ్ ఇంచార్జి దగ్గర ఉంచండి. కోడ్ కంటే నాకు కాలిబ్రేషన్ కౌంట్ మీద నమ్మకం ఎక్కువ, కాలిబ్రేట్ చేసినప్పుడల్లా అది పెరుగుతుంది. ఫ్యాక్టరీలో చేసినవి కూడా అందులో ఉంటాయి కాబట్టి కొత్త మీటర్‌లో కూడా సున్నా ఉండదు, ఇవాళ ఎంత ఉందో రిజిస్టర్‌లో రాసుకోండి. మీరు కాలిబ్రేషన్‌కి పంపకుండానే ఆ అంకె మారితే ఎవరో లోపలికి వెళ్లారన్నమాట, అంకె చివరిసారి సరిగ్గా చూసిన రోజు నుంచి తీసిన కొలతలన్నీ పక్కన పెట్టాలి.

ప్రశ్న: లోపల తిప్పి రీడింగ్ సరిచేసే చిన్న ట్రిమ్మర్ స్క్రూలుండే పాత మీటర్లకి ఏం చెయ్యాలి?

జవాబు: కాలిబ్రేట్ చేయించాక స్క్రూ తల మీంచి పక్కనున్న బాడీ మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నగా ఒక గీత గీయండి. ఎవరు కదిపినా గీత విరుగుతుంది. పాలిష్ ఆరాక రీడింగ్ మళ్లీ ఒకసారి చూడండి, పూసేటప్పుడు బ్రష్ తగిలినా అది కదలొచ్చు.