ఆ ఊరు ఎవరిదో ముందు తెలుసుకోండి: మలావీ పల్లెల్లో ఆరేళ్ల సేవ గురించి

వందనాలు బ్రదర్. భార్యాభర్తలిద్దరూ ఆఫ్రికా పల్లెల్లో సేవకు వెళ్లాలనుకుంటున్నామని, చిన్న పాప ఉందని, అక్కడ బతుకు ఎలా ఉంటుందో, ఒక సంఘం కట్టడానికి ఎంతకాలం పడుతుందో చెప్పమని అడిగారు. మేం 2011 నుంచి 2017 దాకా మలావీలో ఉన్నాం. మా ఆయన పాస్టర్, నేను నర్సుని, మాది ఒంగోలు దగ్గర పల్లె. ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి, అన్నిటి గురించీ నేను చెప్పలేను. నాకు తెలిసింది డెడ్జా జిల్లాలో కొండ దిగాక సరస్సు వైపు ఉండే పల్లపు ఊళ్లు, అంతే.

సువార్త వినని జనం దగ్గరికి వెళ్తున్నాం అనుకుని మేం విమానం ఎక్కాం. దిగి చూస్తే మాకంటే బాగా పాడే విశ్వాసులు, మూడు తరాలుగా బైబిలు చదువుతున్న కుటుంబాలు. 2018 జనాభా లెక్కల్లో కూడా మలావీలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా క్రైస్తవులే. స్కాట్లాండ్ మిషనరీలు 1875లోనే సరస్సు ఒడ్డున కేప్ మక్లియర్‌లో దిగారు. మలేరియాతో ఒకరి తర్వాత ఒకరు పోతుంటే 1881లో బండావేకి, 1894లో కొండ మీదున్న ఖోండోవేకి మిషన్‌ని మార్చుకున్నారు. కేప్ మక్లియర్‌లో ఆ సమాధుల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. అయితే ఆ తొలి రోజుల్లో న్గోనీ అనే తెగ ప్రజల మధ్యకి వెళ్లి వాళ్ల భాషలో మాట్లాడగలిగింది విలియం కోయి అనే ఆఫ్రికా ఆయనే. దక్షిణాఫ్రికా నుంచి 1876లో వచ్చాడు, 1886లో అక్కడే కన్నుమూశాడు. మన ఒంగోలు సంగతి కూడా అంతే కదా, అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి పేరు అందరికీ తెలుసు, కానీ తోళ్ల వ్యాపారం కోసం ఊరూరా తిరుగుతూ మాదిగవాడల్లో ముందు సువార్త చెప్పింది యర్రగుంట్ల పేరయ్యగారు. ఈ రెండు కథలూ వెళ్లేముందు మాకు ఎవరైనా కలిపి చెప్పుంటే ఎంత బాగుండేదో అనుకుంటాను.

కాబట్టి మీరు ఏ ప్రాంతం అనుకుంటున్నారో అక్కడి పాస్టర్లకు ముందు ఫోన్ చేసి, మీకు ఏం కావాలి అని అడగండి. మా దగ్గర ఒక్కో పాస్టర్ కింద పది పన్నెండు ప్రార్థన స్థలాలు ఉండేవి, ఆదివారం వాక్యం చెప్పే పెద్దలకు బైబిలు నేర్పేవాళ్లు లేరు. కొత్త సంఘం కంటే వాళ్లకు అది ఎక్కువ అవసరం. ఇది మాకు మూడో ఏట గానీ అర్థం కాలేదు.

తిండి దగ్గర మనకు ఇబ్బంది ఉండదు. న్సిమా అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటి, దాన్ని చేత్తో తీసుకుని గుమ్మడాకు కూరతోనో, ఉసీపా అనే ఎండు చేపలతోనో తింటారు. ఉసీపా అచ్చం మన నెత్తళ్లే. ఆకుకూరలో పల్లీ పొడి వేసి వండుతారు, అది నేను ఇప్పటికీ ఇంట్లో చేస్తాను. భాష చిచేవా. తెలుగులాగే మాటలన్నీ అచ్చుతో ఆగుతాయి, నోరు తొందరగా తిరుగుతుంది. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు ఇవె, ఇను ఉన్నాయి. నేను పిల్లల దగ్గర భాష నేర్చుకుని, ఒక పెద్దావిడని ఇవె అని పలకరించాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ పక్కనున్న కూతురి మొహం మారిపోయింది. మర్నాడు వెళ్లి, అక్కడి ఆడవాళ్లు చేసినట్టే మోకాళ్ల మీద కూర్చుని క్షమించమని అడిగాను. మొదటి ఏడాది సువార్త సభలు పెట్టకండి. భాష నేర్చుకోండి, వాకిట్లో నిలబడి "ఓడి" అని పిలిచి లోపలి నుంచి "ఓడిని" అని వినపడేదాకా ఆగండి, ఊళ్లో చావు జరిగితే మీ పనులన్నీ మానేసి చాప మీద వాళ్లతో కూర్చోండి. చావుకి వెళ్లనివాళ్లు అక్కడ ఊరివాళ్లు కారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మేం రెండు ఊళ్లలో సంఘం మొదలుపెట్టాం. ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు.

ఆ ప్రాంతపు చేవా వాళ్లలో పెళ్లయ్యాక మగవాడే భార్య ఊరికి వెళ్లి ఉంటాడు. చికామ్విని అంటారు. మన ఇల్లరికం లాంటిదే, కాకపోతే అక్కడ అదే మామూలు, చిన్నతనంగా ఎవరూ అనుకోరు. భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, పెళ్లి మాటలైనా గొడవ తీర్పులైనా మేనమామ లేకుండా జరగవు. పెళ్లికి పూచీ ఉండే పెద్దమనిషిని న్ఖోస్వె అంటారు. ఇదంతా మాకు తెలియదు. మొదటి ఊళ్లో మేం ఏడుగురు సంఘ పెద్దల్ని ఎంచుకున్నాం, ఏడుగురూ మగవాళ్లే, చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు కూడా. మన దగ్గర ఎలా చేస్తామో అలాగే చేశాం. రెండేళ్లు తిరిగేసరికి ముగ్గురు ఊళ్లో లేరు. ఒకాయనకి పెళ్లి చెడిపోయి తన తల్లి ఊరికి వెళ్లిపోయాడు, ఒకాయన భార్య చనిపోతే ఆచారం ప్రకారం తనవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లాడు, మూడో ఆయన పని కోసం జొహన్నెస్‌బర్గ్ బస్సు ఎక్కాడు. కానుకల పుస్తకం, మందిరం తాళం, బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్ల పేర్లు అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉండేవి. ఆ ఊరి ఆడవాళ్లు ఎక్కడికీ పోలేదు, ఆ నేల వాళ్లది. కానీ మేం వాళ్లకు ఏ బాధ్యతా ఇవ్వలేదు, పాటలకీ ఊడ్చడానికీ తప్ప. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే, ఒక స్త్రీగా నేనైనా ముందు గమనించాల్సింది.

ఇంకో తప్పు కూడా అక్కడే జరిగింది. ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి బాప్తిస్మం కావాలని వస్తే, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అని ఇచ్చేశాం. మేనమామతో ఎవరూ మాట్లాడలేదు. ఆయన మా మీద కోపంతో రాలేదు, మనసు నొచ్చుకుని వచ్చాడు. "ఈ పిల్లకి ఏ కష్టం వచ్చినా నా గుమ్మానికే వస్తారు, ఈ ఒక్క విషయానికి నేను పనికిరానా" అన్నాడు. మా ఆయన ఏమీ మాట్లాడలేకపోయారు.

మందిరం కప్పు గురించి కూడా చెప్పాలి. ఇండియాలోనూ అమెరికాలోనూ ఉన్న తెలుగు స్నేహితులు ప్రేమగా డబ్బు పంపారు, ఇనుప రేకులు కొని కప్పు వేయించాం, ఫోటోలు పంపాం. అక్కడ రేకుల్ని మలాటా అంటారు, ఊళ్లో మలాటా ఇల్లంటే కలిగినవాళ్ల ఇల్లని లెక్క. మరుసటి వానాకాలంలో గాలికి సగం రేకులు లేచిపోయాయి. రేకులు చుట్టుపక్కల పొలాల్లోనే పడ్డాయి, ఏరి మళ్లీ మేకులు కొడితే సరిపోయేది. ఎవరూ ముట్టుకోలేదు. నేను వెళ్లేసరికి ఒక ముసలాయన ఎదురొచ్చి "అమ్మా, మీ చర్చి కప్పు పోయింది" అన్నాడు. మీ చర్చి అన్న మాట ఆయన తప్పుగా అనలేదు, ఉన్నమాటే అన్నాడు.

రెండో ఊరి మ్ఫుము, అంటే ఊరి పెద్ద, ఒక స్త్రీ. చేవా ఊళ్లలో అది వింతేమీ కాదు. మేం అనుమతి అడగడానికి వెళ్తే ఆవిడ సిద్ధాంతాలు ఏమీ అడగలేదు. "మీ సంఘంలో చేరినవాళ్లు ఊళ్లో ఎవరైనా చనిపోతే గొయ్యి తవ్వడానికి వస్తారా?" అని ఒక్కటే అడిగింది. అక్కడ చావుల్లో గులే వామ్‌కులు అనే ముసుగు నాట్యం ఉంటుంది, న్యావు అనే రహస్య సంఘం వాళ్లు ఆడతారు. చాలా చర్చిలు తమ విశ్వాసుల్ని దానికి దూరంగా ఉండమంటాయి, దాంతో కొందరు చావులకే రావడం మానేస్తారు. ఆవిడ భయం అది. మేం ఇంటికొచ్చి మూడు రోజులు ప్రార్థన చేసుకుని వెళ్లి, గొయ్యి తవ్వుతారు, మోస్తారు, పాడతారు, ముసుగులు వచ్చినప్పుడు మాత్రం పక్కకి జరుగుతారు అని చెప్పాం. ఆవిడ ఒప్పుకుంది. తర్వాత నాలుగేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు మా వాళ్లు.

ఆ సంఘం మామిడిచెట్టు కింద మొదలైంది. ఈసారి పెద్దల్లో సగం మంది ఆ ఊరి ఆడపడుచులే, వాళ్ల మేనమామల్ని కూడా పిలిచి వాళ్ల ముందే ఎంచుకున్నాం. మగవాళ్లు వాక్యం చెప్పారు, పుస్తకాలూ తాళమూ ఆడవాళ్ల దగ్గర ఉన్నాయి. డబ్బు మేం ఇవ్వలేదు. ఇవ్వకుండా ఉండటం ఎంత కష్టమో మీకు అక్కడికి వెళ్తే తెలుస్తుంది, చేతిలో ఉండి కూడా ఇవ్వలేదు. ఎండాకాలంలో వాళ్లే మట్టి తొక్కి ఇటుకలు కోశారు, బట్టీ పెట్టి కాల్చారు, గడ్డి కప్పు వేశారు. తర్వాత ప్రతి కోతకీ కొన్ని మొక్కజొన్న బస్తాలు అమ్మి నాలుగు రేకులు, ఆరు రేకులు అలా కొన్నారు. కప్పు పూర్తి కావడానికి మూడేళ్లు పట్టింది. మీరు ఎంతకాలం అని అడిగారు కాబట్టి ఈ లెక్క చెప్తున్నాను.

2015-16లో వానలు లేవు. 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది. మామూలు ఏడాదిలోనే జనవరి, ఫిబ్రవరి ఆకలి నెలలు, పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని కాలం, జనం గన్యు అంటే కూలి పనికి పొద్దున్నే వెళ్లిపోతారు. ఆ ఏడాది పచ్చి మామిడికాయలు ఉడకబెట్టుకుని తిన్న ఇళ్లు నేను చూశాను. మమ్మల్ని పంపిన సంస్థవాళ్లు మొక్కజొన్నకి డబ్బు పంపుతూ, మందిరంలో పంచండి, ఆత్మలు వస్తాయి అని రాశారు. అప్పుడు మా ఆయనకి మా నాయనమ్మ చెప్పిన కథ గుర్తుచేశాను. 1876-78 పెద్ద కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు, కానీ కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మేం కూడా మొక్కజొన్నని మ్ఫుము కమిటీకి అప్పజెప్పాం, ముస్లిం ఇళ్లు, న్యావు ఇళ్లు, మన ఇళ్లు అందరికీ ఒకే డబ్బాతో కొలిచారు, కోత వచ్చేదాకా ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు. సంస్థవాళ్లకి నచ్చలేదు, మూడు నెలలు మా జీతం ఆగింది. ఆ మూడు నెలలు మాకు తిండి పెట్టింది ఆ ఊరివాళ్లే.

పాప సంగతి. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు, ఫిబ్రవరిలో, సాయంత్రం కొంచెం ఒళ్లు వెచ్చబడింది. నేను నర్సునై ఉండి కూడా జలుబు అనుకుని రాత్రంతా ఆగాను. తెల్లారేసరికి ఫిట్స్ వచ్చాయి. బురద రోడ్డు మీద పికప్ వెనక కూర్చుని దాదాపు నలభై కిలోమీటర్లు, పాపని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. మలేరియా అని తేలింది, ఆర్టెసునేట్ ఇంజెక్షన్లు పడ్డాయి, మూడో రోజు కళ్లు తెరిచి న్సిమా అడిగింది. దేవునికి స్తోత్రం. అదే వార్డులో పక్క మంచం మీదున్న బాబు బతకలేదు, వాడి తల్లి మా పాప తల నిమిరి వెళ్లింది. ఆ చెయ్యి నేను మర్చిపోలేను. అక్కడ జ్వరం వస్తే గంటలో మలేరియా టెస్ట్ చేయించాలి, రేపు చూద్దాం అనకూడదు. కిట్లు, దోమతెరలు ఇంట్లో ఉంచుకోండి, దగ్గర్లో ఏ ఆరోగ్య కేంద్రంలో మందు దొరుకుతుందో వెళ్లిన వారంలోనే తెలుసుకోండి. మీ ఇద్దరిలో ఎవరైనా నర్సింగ్ చేసుంటే అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాకే చెయ్యి వెయ్యండి, మిషనరీలం కదా అని మందులు పంచకండి. వర్క్ పర్మిట్ చేతికి వచ్చాకే ఇక్కడ ఇల్లు ఖాళీ చెయ్యండి.

మనవాళ్లు ఆఫ్రికాకి సేవకు వెళ్లడం కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి పంపారు, అక్కడ చెరకు, తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల కోసం. ఆయనకి జనం భాష ముందే వచ్చు. మీకూ మాకూ ఆ భాగ్యం లేదు కాబట్టి ఆ ఏడాదో రెండేళ్లో ముందు భాషకి ఇవ్వాలి.

మొదటి ఊరి మందిరం ఇప్పుడు మొక్కజొన్న నిల్వ చేసుకునే కొట్టు అయింది, రేకులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయట. రెండో ఊరి అక్కలు కిందటి నెల వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు, పక్క ఊరిలో ఇంకో మామిడిచెట్టు కింద కూడిక మొదలుపెట్టామని, అక్కడి మేనమామల్ని ముందే కలిశామని. ఆ మెసేజ్ మా ఆయన నాలుగుసార్లు విన్నారు.

మీరు ఏ దేశం అనుకుంటున్నారో, పాపకి ఎన్నేళ్లో రాయలేదు. మలావీ అయితే నా చిచేవా నోటు పుస్తకాలు ఉన్నాయి, ఫోటోలు తీసి పంపుతాను. పాపకి ఐదేళ్లు నిండకపోతే మాత్రం టికెట్లు కొనేముందు మీ ఆవిడని నాతో ఒకసారి మాట్లాడమనండి.