వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ల వ్యాయామాన్ని స్మార్ట్‌వాచ్ సరిగ్గా లెక్కపెడుతుందా?

మీ తమ్ముడికి టీ10 (ఛాతీ వెనకుండే వెన్నుపూసల్లో పైనుంచి పదోది) దగ్గర వెన్నుకు దెబ్బ తగిలి వీల్‌చెయిర్‌లో ఉన్నాడు, అయినా వాచీలో రోజూ వేలల్లో అడుగులు పడుతున్నాయి, నమ్మొచ్చా అని కదా అడిగారు. నమ్మకండి. నాది టీ3, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. మా వైపు గతుకుల్లో ఆటో ఎక్కితే చాలు, నేను ఊరికే కూర్చున్నా వాచీ అడుగులు వేసుకుంటూ పోతుంది. అదే డంబెల్స్‌తో చేతులు పడిపోయేలా చేసినా దానికి పట్టదు.

ఆపిల్ వాచ్‌లో 2016 నుంచి వీల్‌చెయిర్ సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే అడుగుల బదులు పుష్‌లు, అంటే చేత్తో చక్రాన్ని ఎన్నిసార్లు తోశామో లెక్కపెడుతుంది. గంట గంటకీ లేచి నిలబడమనడం కూడా మానేస్తుంది (అలా అన్నప్పుడల్లా ఒళ్లు మండేది). కానీ నున్నటి గచ్చు మీద పుష్ అయినా, ర్యాంప్ ఎక్కే పుష్ అయినా ఆ లెక్కలో ఒకటే. సైకిల్ షాపులో దొరికే మీటర్ కూడా పెట్టుకున్నా: ఊచకి అయస్కాంతం, ఫ్రేమ్‌కి సెన్సర్. 24 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు. దూరం బాగానే చెప్తుంది, కాకపోతే మా ఆవిడ వెనక నుంచి తోసింది కూడా నా ఖాతాలోనే వేస్తుంది.

క్యాలరీల అంకె అసలు చూడకండి. మామూలు లెక్కల్లో విశ్రాంతిలో ఉన్న ఒంటికి కిలోకి నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అనుకుంటారు. వెన్ను దెబ్బ తగిలిన మాలాంటివాళ్లలో కొలిస్తే అది 2.7 దగ్గర తేలింది, అంటే ఆ లెక్కతో క్యాలరీలు ఎక్కువ పడతాయి. ఇక పల్స్ చూసి కష్టం అంచనా వేద్దామన్నా నాకు కుదరదు. గుండె వేగం పెంచే నరాలు టీ1 నుంచి టీ5 దాకా ఉన్న భాగంలోంచి వెళ్తాయి. అందుకే నేనెంత కష్టపడినా నా పల్స్ ఒక హద్దు దాటి పెరగదు. మీ తమ్ముడిది టీ10 కాబట్టి ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు.

నేను నమ్మేది నోటుబుక్కునే. కెనడాలో క్యాథ్లీన్ మార్టిన్ గినిస్ అనే పరిశోధకురాలి బృందం వెన్ను దెబ్బ తగిలినవాళ్ల కోసమే తయారుచేసిన ప్రశ్నావళి ఉంది. గడిచిన 7 రోజుల్లో ఇష్టంతో చేసిన వ్యాయామాన్ని నిమిషాల్లో అడుగుతుంది, మూడు రకాలుగా: కాస్త పని చేస్తున్నట్టు అనిపించినా అలసిపోకుండా చాలాసేపు చేయగలిగితే తేలిక, కాస్త ఆయాసంగా ఉన్నా ఇంకొంతసేపు చేయగలిగితే మధ్యస్థం, ఉన్న శక్తంతా పెట్టాల్సివస్తే కష్టం. మంచం మీంచి కుర్చీలోకి మారడం, స్నానం లాంటివి ఇందులో రావు. వాటిని వేరే పేజీలో రాయమనండి.

వేళ కూడా రాయాలి. మే నెలలో బీసెంట్ నగర్ బీచ్ రోడ్డు మీద పొద్దున ఆరింటికి నాకు మధ్యస్థం అనిపించిందే, ఎనిమిదింటికి కష్టమైపోతుంది. దెబ్బకి కింది భాగంలో చెమట సరిగా పట్టక ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది మరి.

సరిపోతోందా లేదా అంటే, వెన్ను దెబ్బ తగిలినవాళ్ల కోసం వచ్చిన 2018 మార్గదర్శకాల్లో కనీసం చెప్పింది ఇదీ: మధ్యస్థం లేదా అంతకు మించిన ఏరోబిక్ వ్యాయామం 20 నిమిషాల చొప్పున వారానికి 2 సార్లు, దాంతోపాటు బలం పెంచే వ్యాయామాలు 2 సార్లు. షుగరు, గుండె జబ్బుల భయం ఉంటే 30 నిమిషాలు, 3 సార్లు. ఒక వారం రాయించి ఫిజియోకి చూపించండి. భుజం నొప్పి వచ్చిన రోజు పక్కన గుర్తు పెట్టమనండి, మా ఫిజియో నోటుబుక్కు తెరవగానే వెతికేది దాన్నే.