ఇంటర్ తర్వాత ఇంగ్లండ్‌లో ఎల్‌ఎల్‌బీ చేస్తే రెండేళ్లు కలిసొస్తాయా?

అమ్మాయి సీఈసీ పూర్తిచేసింది, బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ వాళ్లు "ఇక్కడ లా ఐదేళ్లు, ఇంగ్లండ్‌లో మూడేళ్లే, రెండేళ్లు కలిసొస్తాయి" అన్నారు, చేర్పించమంటారా అని అడిగారు కదండీ.

ముందు అమ్మాయి నల్లకోటు ఏ ఊళ్లో వేసుకుంటుందో అడగండి. అక్కడే ఉండిపోతానంటే చదువు వరకూ ఆ మూడేళ్లు నిజంగా మూడేళ్లే. తిరిగొచ్చి గుంటూరు కోర్టులోనో, నేలపాడు హైకోర్టులోనో ప్రాక్టీస్ పెడతానంటే మాత్రం కలిసొచ్చేదేమీ లేదు. లాయర్లను నమోదు చేసుకునే మన బార్ కౌన్సిల్ లెక్కలో ఇంటర్ మీద లా అంటే ఐదేళ్లు, డిగ్రీ మీదైతే మూడేళ్లు. ఇంటర్ మీద మూడేళ్లలో ముగించుకొస్తే ఆ లోటు పూడ్చే బ్రిడ్జ్ కోర్సు ఇక్కడ చేయమంటారు, మిగిలిన కాలం అక్కడికి పోతుంది. ఆపైన విదేశీ డిగ్రీ వాళ్లకు పెట్టే క్వాలిఫయింగ్ పరీక్ష, ఆరు పేపర్లు. అక్కడ చదివొచ్చిన పిల్లలకు మన సివిల్ ప్రొసీజర్ మొదటి పేజీ నుంచీ కొత్తే. ఇక ఏఐబీఈ, అంటే ప్రాక్టీస్ పెట్టాలంటే రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష, అందరికీ ఉన్నదే.

మా పిన్ని కొడుకు ఇలాగే వచ్చాడు. బ్రాడీపేటలో మా సీనియర్ గారి టేబుల్ మీద సర్టిఫికెట్ పెట్టాడు. ఆయన యూనివర్సిటీ పేరు కూడా చూడలేదు. కళ్లజోడు పైకి నెట్టి "ఎన్నేళ్ల కోర్సురా?" అన్నారు. మూడు అనగానే ఇంకేం మాట్లాడకుండా వాడికి టీ తెప్పించారు.

నా పొరపాటు వేరు. గుంటూరులో బీకాం, మూడేళ్ల లా అయ్యాక ఇంగ్లండ్‌లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం, అంటే లాలో పీజీ, చేశాను. అది చేస్తే అక్కడ లాయరైపోతాననుకున్నాను, నన్ను పంపిన కన్సల్టెన్సీ కూడా కాదనలేదు. తీరా చూస్తే సొలిసిటర్, అంటే అక్కడి ఒక రకం లాయర్, కావాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ అని రెండు దశల పరీక్ష, రెండేళ్ల పని అనుభవం కావాలి. ఏ సబ్జెక్టు డిగ్రీ ఉన్నా రాయొచ్చు. ఎల్‌ఎల్‌ఎం ఊసే లేదు. చదువు బాగుంది, అబద్ధం చెప్పను, కానీ అప్పు తీర్చింది మాత్రం ఇక్కడి చెక్ బౌన్స్ కేసులతోనే.

అమెరికా అయితే లా డిగ్రీని జేడీ అంటారు, మామూలు డిగ్రీ అయ్యాక మూడేళ్లు. మన లా డిగ్రీ మీద అక్కడ ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లు ఎక్కువగా న్యూయార్క్ బార్ పరీక్షకు వెళ్తుంటారు, అన్ని రాష్ట్రాలూ రానివ్వవు. ఎంఎస్‌కు వెళ్లిన పక్కింటి అబ్బాయిని చూసి లెక్క వేసుకోకండి. లా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి రాదు, చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలే, వాళ్లకొచ్చే 24 నెలల పొడిగింపు ఉండదు.

మా అమ్మాయే అయితే క్లాట్, లాసెట్ అనే లా ఎంట్రన్సులు రెండూ రాయించి ఐదేళ్లూ ఇక్కడే చదివించేవాణ్ని. ఆ తర్వాత ఎల్‌ఎల్‌ఎంకు పంపినా అది సబ్జెక్టు కోసం, లైసెన్సు కోసం కాదు. కాదు, ఇంగ్లండ్‌లోనే స్థిరపడతానని తను గట్టిగా ఉంటే ఆపకండి. ఫీజు కట్టేముందు మాత్రం ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు రెండూ బార్ కౌన్సిల్ గుర్తింపు జాబితాలో ఉన్నాయేమో చూసుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక ఇక్కడ పెట్టండి, పేరు చెరిపేసినా ఫర్వాలేదు, కోర్సు ఎన్నేళ్లో మాత్రం కనిపించాలి.